ముందు ఆ ట్యూబ్‌లైట్ ఆపు చెల్లీ, ఎన్ని సెట్లు కొనాలో తర్వాత చూద్దాం

ప్రశ్న: అక్కా, వందనాలు. మేం గుంటూరు బ్రాడీపేటలో రెండో అంతస్తులో అద్దెకుంటున్నాం. పెళ్ళయినప్పటి నుంచి క్రిస్మస్‌కి మేమే అత్తగారి ఊరు వెళ్ళేవాళ్ళం, ఈసారి అత్తయ్యా మామయ్యా మా దగ్గరికి వస్తున్నారు. ఇల్లంతా వార్మ్ లైట్లతో మెత్తగా వెలగాలని నా కోరిక. పోయిన వారం రెండు సెట్లు తెచ్చి హాల్లో సీలింగ్ చుట్టూ కట్టాం. ఫోన్లో చూసిన ఫొటోల్లా అస్సలు లేదు, పెళ్ళి టెంటులో ఓ మూల ఊడబెరికి తెచ్చినట్టుంది. ఇంకెన్ని సెట్లు కొనాలి? అత్తయ్యకేమో రంగురంగులవి వెలిగి ఆరుతుంటేనే పండగ. బాబుకి పది నెలలు, పాకుతూ వెళ్ళి కనపడ్డ ప్రతి వైరూ నోట్లో పెట్టుకుంటాడు. ఓనర్‌గారు గోడకి మేకు కొట్టొద్దన్నారు. కరెంటు బిల్లు పెరుగుతుందని మావారి టెన్షన్. ఏం చెయ్యమంటావు?

సమాధానం: చెల్లీ, వందనాలు. ఇంకొక్క సెట్టు కూడా కొనకు. ఈ రాత్రికే ఒక పని చెయ్యి. ఉన్న రెండు సెట్లూ వెలిగించి, హాల్లో ట్యూబ్‌లైట్ ఆపేసి, ఓ ఐదు నిమిషాలు సోఫాలో కూర్చో. కళ్ళు అలవాటు పడేదాకా లేవకు. నీకు కావాల్సిన ఇల్లు సగం అక్కడే కనిపిస్తుంది.

వార్మ్ లైట్లు కొని నిరాశపడే వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో జరిగేది ఇదే. మనకి చీకటి పడగానే ట్యూబ్‌లైట్ వెయ్యాలి, వెయ్యకపోతే పెద్దవాళ్ళు ఊరుకోరు. ఆ వెలుతురు 6500 కెల్విన్ దగ్గర ఉంటుంది, అంటే నీలం కలిసిన తెలుపు. కొవ్వొత్తి వెలుతురు 1900 దగ్గర, పాత ఫిలమెంట్ బల్బుది 2700 దగ్గర. అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం, అంతే లెక్క. నీ సీరియల్ సెట్టు మీద వార్మ్ వైట్ అని ఉంటే అది 2700 నుంచి 3000 మధ్యలో ఉండాలి. ఇప్పుడు 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబ్‌లైట్ ఇచ్చే వెలుతురు సుమారు 2000 ల్యూమెన్లు, దాని ముందు ఈ చిన్న బల్బులు ఎన్ని కట్టినా ఆనవు. పైగా కన్ను ఆ ట్యూబ్‌లైట్ తెలుపునే అసలు తెలుపు అనుకుంటుంది కాబట్టి నీ వార్మ్ లైట్లు మెత్తగా కాదు, మాసిపోయినట్టు కనిపిస్తాయి. నువ్వు పది సెట్లు కట్టినా ఆ ట్యూబ్‌లైట్ వెలుగుతున్నంతసేపు ఇంతే.

అలాగని ఇల్లు చీకటి చేసుకోమనడం లేదు. ప్రార్థన పెట్టుకున్నప్పుడు బైబిల్ చదవాలి, పాటల పుస్తకం కనపడాలి, మామయ్యగారి కళ్ళద్దాలకి వెలుతురు సరిపోవాలి. దానికి వార్మ్ వైట్ ఎల్ఈడీ బల్బు ఒకటి, 9 వాట్లది తెచ్చుకో, టేబుల్ ల్యాంపు ఉంటే దాన్లో పెట్టి హాల్లో ఒక మూల ఉంచు, లేకపోతే గోడ మీద ఉన్న హోల్డర్లో పాతది తీసి ఇది పెట్టు. రెండు వెలుతురులూ ఒకే రంగు అయితే ఒకదాన్ని ఒకటి చంపుకోవు. డిసెంబర్లో మనకి ఐదున్నర దాటగానే పొద్దుపోతుంది కాబట్టి ఈ ఏర్పాటు రోజూ గంటల తరబడి పనికొచ్చేదే.

రెండో సంగతి, సీలింగ్ చుట్టూ కట్టినవి దింపెయ్. పైన బోర్డర్ లాగా కడితే ఎవరింట్లో అయినా టెంటు హౌస్ వాళ్ళు వచ్చి వెళ్ళినట్టే ఉంటుంది, అందులో నీ తప్పేం లేదు. మనం కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా, లేదా అంతకంటే కిందగా ఉన్న వెలుతురే గదిని దగ్గరగా, హాయిగా చేస్తుంది. ఇల్లంతా పరచకుండా రెండు చోట్ల పెట్టు, హాల్లో ఒక కిటికీ, బాల్కనీ. చెట్టు పెడితే మూడో చోటు అది. మిగతా గదుల జోలికి వెళ్ళకు. అన్ని గుమ్మాలకీ, అద్దానికీ, ఫ్రిజ్ మీదా తలో బారెడు చుడితే ఎక్కడా కన్ను ఆగదు.

కిటికీకి నేను చెప్పేది ఇది. కర్టెన్ రాడ్ నుంచి సెట్టుని నిలువుగా జారవిడిచి, వాటి ముందు పల్చటి బట్ట వెయ్యి. మీకు పక్కనే మంగళగిరి ఉంది, అక్కడి తెల్ల చేనేత కాటన్, పల్చటిది, అంచు ఉన్నా లేకపోయినా సరే, దాని వెనక నుంచి ఈ లైట్లు వస్తుంటే బల్బు బల్బుగా కనపడవు, బట్టంతా వెలుగుతుంది. పాలిస్టర్ నెట్ కర్టెన్‌తో ఆ పని కాదు, దాన్లోంచి బల్బులు చుక్కలు చుక్కలుగా పొడుచుకొస్తాయి. మంచి చీర ఉంటే కత్తిరించకుండా రాడ్ మీద మడతేసి వెయ్యి, పండగ కాగానే తీసి కట్టుకోవచ్చు. బట్ట బల్బులకి తగిలినా ఎల్ఈడీ అంత వేడెక్కదు కానీ అడాప్టర్ మాత్రం బట్టకి దూరంగా ఉండాలి, అది వేడెక్కుతుంది.

మేకుల గురించి బెంగ పెట్టుకోకు. కర్టెన్ రాడ్, గ్రిల్, తలుపు ఫ్రేము ఇవి చాలు. గోడ మీద తప్పదనుకుంటే అంటించే హుక్కులు దొరుకుతాయి, కిందకి లాగితే సాగి ఊడొచ్చే రకం. సెల్లో టేపు మాత్రం వద్దు, డిస్టెంపర్ వేసిన గోడ అయితే టేపుతోపాటు రంగు పెచ్చు కూడా వచ్చేస్తుంది, అప్పుడు ఓనర్‌గారి అడ్వాన్సులోంచి కోత. గ్రిల్‌కి కట్టడానికి ప్లాస్టిక్ ట్యాగులు వాడు, బైండింగ్ వైర్ వాడొద్దు. ఇనుప తీగ బిగించేకొద్దీ సెట్టు వైరు మీది తోలు కోసుకుపోతుంది.

ఇక బాబు. ఇక్కడ కాస్త నిదానంగా చదువు, నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇదే.

నువ్వు తెచ్చిన సెట్లు తీసి ప్లగ్ దగ్గర చూడు. వైరు నేరుగా రెండు పిన్నుల ప్లగ్‌లోకి వెళ్ళి, మధ్యలో చిన్న ప్లాస్టిక్ డబ్బీ, దాని మీద బొత్తాం ఉంటే అది మామూలు చవక సెట్టు. ఆ డబ్బీ లైట్లు వెలిగించి ఆర్పడానికే, కరెంటుని తగ్గించడానికి కాదు. అంటే 230 వోల్టుల మెయిన్ లైన్ ఆ సన్నటి తీగ పొడవునా ఉన్నట్టే లెక్క. ఒక్క బల్బు చితికి దాని కాళ్ళు బయటపడినా, బాబు కొత్త పళ్ళతో ఒక చోట కొరికినా చాలు. చిన్న బల్బులు కదా, ఏమవుతుందిలే అని పెద్దవాళ్ళే అనుకుంటారు, అది నిజం కాదు. ఆ రకం సెట్టు పాకే పిల్లాడున్న ఇంట్లో అందేంత ఎత్తులో ఎక్కడా ఉండకూడదు. ఉన్నవి రెండూ ఆ రకమే అయితే వాటిని వాడకు అనే నేను చెప్తాను, డబ్బు పోతుందని మనసు చివుక్కుమన్నా సరే.

అప్పుడు కొనాల్సింది అడాప్టర్ ఉన్న సెట్టు. ఫోన్ ఛార్జర్ లాగా ప్లగ్ దగ్గరే ఒక దిమ్మ ఉంటుంది, దాని మీద అవుట్‌పుట్ అని 5 వోల్టులో, 24 వోల్టులో, 31 వోల్టులో రాసి ఉంటుంది. అడాప్టర్ మీద బీఐఎస్ గుర్తు, అంటే ప్రభుత్వ నాణ్యతా ప్రమాణాల సంస్థ ముద్ర, దాంతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడు. ఇది వంద రూపాయల సెట్టుకి మూడు నాలుగు రెట్లు పడొచ్చు. పండగ ఖర్చులో ఇంకెక్కడైనా తగ్గించుకో, ఇక్కడ వద్దు.

ఇంకో ప్రమాదం చాలామందికి తెలియదు. సీసాల్లో పెట్టే బిరడా లైట్లలో, కొన్ని సెట్ల రిమోట్లలో గుండ్రటి బొత్తాం బ్యాటరీలు ఉంటాయి. పిల్లలు అది మింగితే, ముఖ్యంగా గొంతులో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిన పుండు పడుతుంది. నీ ఇంట్లో ఈ ఏడాది బిరడా లైట్లు వద్దు. రిమోట్ ఉంటే దాన్ని బీరువాలో పెట్టెయ్. బ్యాటరీ సెట్టు కావాలనుకుంటే మూడు పెన్సిల్ సెల్లులు పట్టే రకం తీసుకో, సెల్లుల మూతకి స్క్రూ ఉంటే ఇంకా మంచిది. అలాంటిదొకటి క్రిస్మస్‌కి బొమ్మలతో పెట్టే పశువుల పాకకి చక్కగా సరిపోతుంది. పాకలో గడ్డి పరుస్తాం కాబట్టి అందులో పాతకాలం జీరో బల్బు పెట్టడం నాకు ఎప్పుడూ భయమే, సన్నటి రాగితీగ సెట్టు అయితే వేడి ఉండదు. పాకలో పశువులకి కొండపల్లి ఎడ్లూ ఆవూ పెట్టి చూడు. ఆ బొమ్మల రంగుల మీద ఈ వెలుతురు పడితే ఎంత అందంగా ఉంటుందో! పాకని టీవీ స్టాండు మీదో షోకేసులోనో, బాబుకి అందనంత ఎత్తులో పెట్టుకో.

కొనేటప్పుడు పట్నంబజార్లో అయినా, మా విజయవాడ వన్‌టౌన్ వచ్చి అయినా, షాపులో "పసుపు లైట్లు" అని అడక్కు. అలా అడిగితే ముదురు పసుపు ఎల్ఈడీలు చేతిలో పెడతారు, అవి వేరు. "వార్మ్ వైట్" అని అడిగి, కొనబోయే సెట్లన్నీ పక్కపక్కన వెలిగించి చూపించమను. ఒకే కంపెనీ డబ్బాలైనా ఒకటి నారింజ వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు లాగుతుంది, ఇంటికొచ్చి కట్టాక తెలిస్తే లాభం లేదు. వెలుగుతున్న సెట్టుని ఫోన్ కెమెరాలో చూడు, చారలు చారలుగా కదులుతుంటే అది లోపల అదురుతున్నట్టు, ఎక్కువసేపు చూస్తే కొందరికి తలనొప్పి వస్తుంది. ఎనిమిది రకాలుగా వెలిగే సెట్టు అయితే కదలకుండా వెలిగే వరసలో పెట్టి, షాపులోనే ప్లగ్ తీసి మళ్ళీ పెట్టించు. చాలా సెట్లు కరెంటు పోయొస్తే మళ్ళీ మొదటి వరసకి వెళ్ళి తైతక్కలాడుతుంటాయి, ప్రతిసారీ నువ్వు లేచి బొత్తాం ఏడుసార్లు నొక్కాలి. పెట్టింది గుర్తుంచుకునే రకం అడిగి తీసుకో.

బాల్కనీకి వద్దాం. కేరల్స్‌కి వచ్చిన వాళ్ళకి కింద రోడ్డు మీద నుంచి కనపడేది అదే కాబట్టి అక్కడ ఒక సెట్టు పెట్టడం న్యాయం. కానీ బాల్కనీ గ్రిల్ ఇనుముది, అదే గ్రిల్ మీద మనం తడి బట్టలు ఆరేస్తాం. మెయిన్ లైన్ సెట్టు తోలు ఎక్కడైనా తెగి గ్రిల్‌కి తగిలిందంటే ఆరేసే మనిషికి షాకు. అక్కడ కూడా అడాప్టర్ రకమే వాడు, డబ్బా మీద ఐపీ 44 గానీ 65 గానీ ఉండాలి. 44 అంటే చినుకులు తట్టుకుంటుంది, 65 అంటే జల్లు కొట్టినా తట్టుకుంటుంది. ఆ రేటింగు చాలావరకు బల్బులకీ వైరుకీ మాత్రమే, అడాప్టర్ హాల్లోపలే ఉండాలి. వైరు స్లైడింగ్ డోరు సందులో నలగకుండా పైమూల నుంచి లాగు. డిసెంబర్లో వానలేముంటాయిలే అనుకోకు, 2023లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబర్ 5నే. తుఫాను కబురు వస్తే సెట్టు విప్పక్కర్లేదు, ప్లగ్ తీసెయ్, పూర్తిగా ఆరాకే మళ్ళీ పెట్టు. మెయిన్ బోర్డులో ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు, ఉందో లేదో ఓనర్‌గారిని అడుగు, ఉంటే దాని మీది టెస్ట్ బొత్తాం ఒకసారి నొక్కి చూడు, టక్కున పడిపోవాలి. పడకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించే బాధ్యత ఆయనది.

గ్రిల్ మీద లైట్లు ఎలా కట్టాలంటే, పై కడ్డీ వెంట మాత్రమే, కొంచెం కొంచెం వదులుగా జారేలా. ప్రతి ఊచకీ చుట్టకు. పదడుగుల బాల్కనీకి పదిహేనడుగుల లైను సరిపోతుంది, మిగిలింది లోపలికి తెచ్చుకో.

మీ అత్తయ్యగారి విషయంలో నేను ఆవిడ పక్షమే, కోపం తెచ్చుకోకు. చెట్టుకి కొవ్వొత్తులు వెలిగించే అలవాటు జర్మనీది, ఆ మైనపు వెలుతురు రంగే నువ్వు కోరుకునే వార్మ్. మీ గుంటూరుకి 1842లో వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ గారు పుట్టింది ఆ దేశంలోనే. కానీ చెట్టుకి మొట్టమొదట కరెంటు బల్బులు కట్టింది 1882 డిసెంబర్లో న్యూయార్క్‌లో, ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ అనే ఆయన. 80 బల్బులు, ఎరుపూ తెలుపూ నీలమూ, చెట్టు గిర్రున తిరుగుతుంటే వెలిగి ఆరేవట. అంటే ఆవిడ అడిగే రంగులకి 140 ఏళ్ళ పైన చరిత్ర ఉంది. ఆవిడ తన ఊరొదిలి మొదటిసారి మీ ఇంట్లో పండగ చేసుకోవడానికి వస్తోంది, గుమ్మంలోకి రాగానే తనకి తెలిసిన పండగ ఆనవాలు ఒకటైనా కనపడాలి కదా. బాల్కనీలో కట్టే క్రిస్మస్ స్టార్ ఎంపిక ఆవిడకి వదిలెయ్. ఎర్రదో, రంగురంగులదో, ఎంత పెద్దదో ఆవిడనే తేల్చమను, వీలైతే బజారుకి వెంట తీసుకెళ్ళి ఆవిడ చేతే కొనిపించు. బాల్కనీ మధ్యలో అది వేలాడితే దాని కింద నీ వార్మ్ లైను కదలకుండా వెలుగుతుంది, రెండూ పోట్లాడుకోవు. ఎందుకంటే ఒక్కటే కదులుతోంది, ఒక్కదానికే రంగుంది. కాగితం స్టార్ అయితే లోపల 5 వాట్ల ఎల్ఈడీ మాత్రమే, 60 వాట్ల పాత బల్బు పెడితే కాగితం కమిలి అంటుకునే ప్రమాదం ఉంది. హాల్లో మాత్రం వెలిగి ఆరేవి వద్దని ఆవిడకి నెమ్మదిగా నువ్వే చెప్పు. బాబు నిద్రకి ఇబ్బంది అంటే ఏ నాయనమ్మా కాదనదు, అది నిజం కూడా.

చెట్టు గురించి నువ్వు అడగలేదు కానీ, పెడితే ప్లాస్టిక్‌ది కొనకుండా సరుగుడు కొమ్మ తెప్పించుకో. బాపట్ల, చీరాల వైపు సరుగుడు తోటలకి లోటు లేదు, మన దగ్గర తరాలుగా క్రిస్మస్ చెట్టంటే అదే. దాని ఆకు సన్నటి సూదులు కాబట్టి తెల్ల వైరు వికారంగా కనపడుతుంది, ఆకుపచ్చ వైరు సెట్టు అడుగు. లైట్లని పైపైన చుట్టకుండా మొదలు దగ్గర నుంచి కాండాన్ని పట్టుకుని పైకి వెళ్తూ, ఒక్కో రెమ్మ మీదకి కొంచెం లోపలగా తీసుకెళ్ళి మళ్ళీ వెనక్కి తే. వెలుతురు లోపల నుంచి వస్తే ఆ సూదులన్నీ బంగారు పోగుల్లా కనపడతాయి. బకెట్లో తడి ఇసుకలో నిలబెట్టు, 20వ తేదీకి ముందు తేకు, కోసిన కొమ్మ నాలుగైదు రోజులకే ఎండడం మొదలుపెడుతుంది. ఎండిన సరుగుడు దగ్గర కొవ్వొత్తి వెలిగించకు. బకెట్ని తాడుతో కిటికీ గ్రిల్‌కి కట్టు, బాబు పట్టుకుని లేచి నిలబడే వయసు.

బిల్లు లెక్క మీవారికి ఇలా చూపించు. ఒక్కో సెట్టు 10 వాట్లనుకుందాం, ఎక్కువే వేశాను. మూడు సెట్లు రోజుకి ఐదు గంటల చొప్పున నెలంతా వెలిగితే నాలుగున్నర యూనిట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ మూడు నాలుగు గంటల్లో తాగేది అంత. పైగా ఆ ఐదు గంటలూ 20 వాట్ల ట్యూబ్‌లైట్ ఆపుతున్నావు, బదులుగా 9 వాట్ల బల్బు వెలిగినా నెలకి ఒకటిన్నర యూనిట్ల పైనే అక్కడ వెనక్కొచ్చాయి. ఒక టైమర్ ప్లగ్ కొని పావు తక్కువ ఆరుకి వెలిగి పదకొండుకి ఆరేలా పెడితే ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

24 రాత్రి అందరూ చర్చికి బయల్దేరేటప్పుడు మాత్రం టైమర్‌ని నమ్ముకోకుండా హాల్లోవీ చెట్టువీ ప్లగ్ దగ్గరే తీసెయ్యండి, ఖాళీ ఇంట్లో ఏదీ వెలగకూడదు. జనవరి 6 తర్వాత విప్పేటప్పుడు ఉండ చుట్టకు, ఒక అట్టముక్కకి రెండు పక్కలా గాటు పెట్టి దాని మీద వరసగా చుట్టి, ఏది కిటికీది, ఏది బాల్కనీది అని అట్ట మీదే రాసి, అడాప్టర్ని కూడా దానికే రబ్బరు బ్యాండుతో కట్టిపెట్టు. స్టార్ అత్తయ్యగారు తీసుకెళ్తానంటే ఇచ్చి పంపించు.